పాత కారుకు అసలు తాళం ఏది? సెల్ఫ్ రిలే కథా కమామిషూ

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందైనా కాసేపు నిలబడితే, ఇరవై ఏళ్లు దాటిన కారొకటి తాడు కట్టించుకునో, నలుగురి చేత తోయించుకునో వచ్చి ఆగడం కనిపిస్తుంది. యజమాని చెప్పే మాట ఒక్కటే: "సెల్ఫ్ పట్టడం లేదు." బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ మోటారు నిరుడే బాగుచేయించినది. తీరా డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వెతికితే అగ్గిపెట్టె అంత నల్లటి డబ్బా ఒకటి, దానికి నాలుగు తీగలు, ఆ తీగలకు జిగురు వదిలేసిన టేపు బయటపడతాయి. దొంగలు ఎత్తుకుపోకుండా పాత యజమాని ఎప్పుడో పెట్టించిన రిలే అది, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. దొంగ సంగతేమో గానీ, కారు సొంతదారును మాత్రం అది ఆపేసింది.

ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. సెల్ఫ్ రిలే ఎందుకు చెడిపోతుంది అన్నది మొదటిది. ఆ రిలేనే అడ్డుపెట్టి కారును దొంగతనం నుంచి కాపాడుకోవచ్చా అన్నది రెండోది. ఇంజిన్‌ను ఫోనులోంచే ఆపేయవచ్చునంటూ జీపీఎస్ పరికరాలు విరివిగా అమ్ముడవుతున్న ఈ రోజుల్లో, సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారందరికీ ఈ రెండూ కలిపే ఎదురవుతున్నాయి. మొదటిదానికి జవాబు తెలియకుండా రెండోదానికి జవాబు చెప్పడం కుదరదు కాబట్టి, తాళం తిప్పినప్పుడు లోపల జరిగేదానితో మొదలుపెట్టాలి.

తాళం తిప్పిన క్షణంలో మూడు కరెంట్లు

పెట్రోలు ఇంజిన్ గానీ డీజిల్ ఇంజిన్ గానీ తనంతట తాను మొదలుకాలేదు. మొదటి కొన్ని చుట్లు దాన్ని బయటి బలమేదో తిప్పాలి. అంబాసిడర్ ముందు బంపరు దగ్గర హ్యాండిల్ దూర్చి తిప్పిన జ్ఞాపకం ఉన్న పెద్దవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ పనిని విద్యుత్ మోటారుకు అప్పగించినది చార్లెస్ కెటరింగ్; 1912 నాటి కాడిలాక్ కారుతో అది అమ్మకానికి వచ్చింది. మనిషి సాయం లేకుండా కారు తానే స్టార్ట్ అవుతుంది కనుక దానికి సెల్ఫ్ స్టార్టర్ అని పేరు. మన వాడుకలో ఆ పేరులో మొదటి సగమే మిగిలి, "సెల్ఫ్" అయింది.

సెల్ఫ్ మోటారు తిరిగేది కొద్ది సెకన్లే అయినా, కారులో ఇంకే పరికరమూ లాగనంత కరెంటు లాగుతుంది. చిన్న పెట్రోలు కారులోనే అది 100 నుంచి 200 ఆంపియర్ల దాకా ఉంటుంది. అందుకే బ్యాటరీ నుంచి మోటారుకు వేలెడు లావు కేబుల్ వెళుతుంది. అంత కరెంటును స్టీరింగు పక్కనున్న చిన్న ఇగ్నిషన్ స్విచ్ గుండా పంపితే స్విచ్ అక్కడికక్కడే కాలిపోతుంది. కాబట్టి మోటారు నెత్తిన సోలనాయిడ్ అనే స్థూపాకారపు భాగం ఒకటి ఉంటుంది. దానిలోని తీగచుట్టకు కరెంటు అందగానే లోపలి ఇనుప కడ్డీ గుంజుకుపోయి రెండు పనులు చేస్తుంది: మోటారు కొసనున్న పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజిన్ ఫ్లైవీల్ పళ్లకు తగిలిస్తుంది, ఆ వెంటనే రెండు రాగి దిమ్మెలను కలిపి, లావు కేబుల్ కరెంటును మోటారులోకి వదులుతుంది.

అయితే సోలనాయిడ్ కూడా తక్కువదేమీ కాదు. కడ్డీని గుంజే ఆ మొదటి క్షణంలో అది ఇరవై, ముప్పై ఆంపియర్ల వరకూ తీసుకుంటుంది. చాలా పాత చిన్న కార్లలో ఈ కరెంటు నేరుగా ఇగ్నిషన్ స్విచ్ గుండానే వెళ్లేది. స్విచ్ కొత్తగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. పదిహేనేళ్లు తిప్పీ తిప్పీ దాని లోపలి రాగి బిళ్లలు నల్లబడ్డాక చిక్కు మొదలవుతుంది. సోలనాయిడ్‌కు 25 ఆంపియర్లు కావాలనీ, అరిగిన స్విచ్, పాత తీగ, వదులైన కనెక్టర్ అన్నీ కలిసి 0.16 ఓముల నిరోధం చూపుతున్నాయనీ అనుకుందాం. రెంటినీ గుణిస్తే 4 వోల్టులు. బ్యాటరీలో 12 వోల్టులున్నా సోలనాయిడ్ దాకా చేరేది 8 మాత్రమే. కడ్డీ సగం కదిలి ఆగిపోతుంది, లేదా అసలు కదలదు.

రిలే పుట్టినది ఇందుకే. సోమశిల జలాశయం గేటు ఎత్తడానికి మీట నొక్కే వేలికి పెన్న నీటి బరువు తెలియనట్టే, రిలేను నడిపే చిన్న కరెంటుకు అది కలిపే పెద్ద కరెంటుతో సంబంధం ఉండదు. రిలే లోపల సన్నని తీగచుట్ట ఒకటి, దాని అయస్కాంత బలానికి కదిలే ఇనుప ముక్కకు అతికిన రాగి రేకు ఒకటి ఉంటాయి. చుట్టకు కావలసినది సుమారు 0.15 ఆంపియరు. పై లెక్కలోని 0.16 ఓముల దగ్గర ఇప్పుడు పోయేది 0.024 వోల్టు, అంటే లెక్కలోకి రానంత. సోలనాయిడ్‌కు కావలసిన 25 ఆంపియర్లు బ్యాటరీ నుంచి పొట్టి దారిలో, రిలే రేకు మీదుగా వెళతాయి. పాత కారుకు రిలే చేర్చగానే "సెల్ఫ్ కొత్తదానిలా కొడుతోంది" అని యజమానులు ఆశ్చర్యపోవడంలో మాయ ఏమీ లేదు, ఈ గుణకారమే.

రిలే అడుగున ఉండే అంకెలు చాలామందిని తికమకపెడతాయి. అవి జర్మన్ ప్రమాణం డిన్ 72552 నుంచి వచ్చినవి. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే తీగ. 85, 86 చుట్ట రెండు కొసలు. 87 అంటే రిలే పనిచేసినప్పుడు మాత్రమే 30తో కలిసే కొస. ఐదు కాళ్ల రిలేలో 87ఏ కూడా ఉంటుంది. అది తలకిందులు, రిలే పనిచేయనప్పుడు కలిసి ఉండి, పనిచేయగానే విడిపోతుంది. దొంగతనం నివారణ దగ్గరకు వచ్చేసరికి ఈ 87, 87ఏల తేడా చాలా పెద్దదవుతుంది.

శబ్దం చెప్పే రోగం

"సెల్ఫ్ పట్టడం లేదు" అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ మీటరు తీయకముందే చెవితో సగం తేల్చేస్తాడు, ఎందుకంటే పైన చెప్పిన మూడు అంచెల్లో ఒక్కొక్కటి ఒక్కో రకంగా మోగుతుంది.

తాళం తిప్పితే ఏ శబ్దమూ రాకపోతే కరెంటు రిలే చుట్ట దాకా చేరనే లేదని అర్థం. ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, మధ్యలో ఎవరైనా దాచిపెట్టిన స్విచ్, చుట్టకు అందవలసిన ఎర్త్, వీటిలో ఏదో ఒకచోట తెగింది. డాష్‌బోర్డు వైపు నుంచి సన్నగా ఒక్కసారి "టిక్" అని వినిపించి బానెట్ కింద నిశ్శబ్దంగా ఉంటే, రిలే చుట్ట పనిచేస్తోంది గానీ దాని రేకు కాలిపోయి కరెంటును దాటనివ్వడం లేదు, లేదా రిలే నుంచి సోలనాయిడ్‌కు వెళ్లే తీగ ఊడింది. బానెట్ కింద బరువుగా "టక్" అని ఒక్కసారి మోగి ఆగితే సోలనాయిడ్ కదిలింది, మోటారు తిరగలేదు. రాగి దిమ్మెలు అరగడమో, మోటారు లోపలి కార్బన్లు అయిపోవడమో, లావు కేబుల్ వదులవడమో కారణం.

నాలుగోది అందరూ విన్నదే, అందరూ తప్పుగా అర్థం చేసుకునేదే: మిషన్ కుట్టినట్టు వరసగా "టకటకటక". రిలే చెడిందని దాన్ని మార్చేస్తారు. నిజానికి ఇది ఎక్కువగా బలహీనమైన బ్యాటరీ చప్పుడు. సోలనాయిడ్ కదిలి మోటారును కలపగానే మోటారు వందకు పైగా ఆంపియర్లు అడుగుతుంది. ఆ బరువుకు బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది. కూలగానే సోలనాయిడ్‌ను పట్టి ఉంచే బలం చాలక కడ్డీ వెనక్కి వస్తుంది. మోటారు విడిపోగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, కడ్డీ మళ్లీ ముందుకు పోతుంది. ఈ చక్రం సెకనుకు ఎన్నోసార్లు తిరుగుతుంది. నిండుగా చార్జైన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కిందకు పోకూడదు అన్నది మెకానిక్కులు వాడే కొండగుర్తు.

బ్యాటరీ మంచిదైనా ఇదే చప్పుడు రావచ్చు, టెర్మినల్ దగ్గర చిలుము పడితే. 150 ఆంపియర్లకు 0.02 ఓముల చిలుము అడ్డమొస్తే పోయేది 3 వోల్టులు. ఆ 3 వోల్టులు ఎక్కడికీ పోవు, 450 వాట్ల వేడిగా ఆ చిన్న బిగింపు దగ్గరే తేలుతాయి. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాక ఒక టెర్మినల్ మాత్రమే చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందంటే కారణం అదే.

వీటికి వ్యతిరేకమైన జబ్బు అరుదు గానీ ప్రమాదకరం. రిలే రేకులు నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోతే, తాళం వదిలేసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ తీగ విప్పితే తప్ప అది ఆగదు. ఈ లోపు మోటారు కాలిపోవచ్చు.

ఉప్పుగాలి, రాతిపొడి, వడగాలి

ఈ జబ్బులన్నీ ఎక్కడైనా వచ్చేవే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాత్రం వాటికి స్థానికమైన తోడ్పాటు ఉంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే కారు, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఇళ్ల ముందు నిలిచే కారు ఏడాది పొడవునా ఉప్పుగాలిలో నానుతుంటాయి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తేమ రాగిని పచ్చటి చిలుముగా మారుస్తుంది. బ్యాటరీ ఎర్త్ తీగ బాడీకి బిగించే బోల్టు కింద ఇది కంటికి కనపడకుండా పెరుగుతుంది. ఎర్త్ సరిలేని కారులో హెడ్‌లైటు వేస్తే ఇండికేటరు వెలగడం వంటి వింతలు కూడా కనిపిస్తాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే బండ్లకు ఇబ్బంది వేరు: మూత సరిలేని రిలే లోపలికి రాతిపొడి చేరి, రేకు పూర్తిగా ఆనకుండా చేస్తుంది.

ఎండ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మనుషుల మధ్య తగాదాలు పెడుతుంది. మే నెలలో ఒంగోలు నుంచి నెల్లూరుకు గుక్క తిప్పుకోకుండా వచ్చి, టీ కోసం పది నిమిషాలు ఆపిన కారు మళ్లీ స్టార్ట్ కాదు. గంట తర్వాత మెకానిక్కు వచ్చి తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. యజమాని అబద్ధమాడలేదు. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. సైలెన్సరు గొట్టం పక్కన ఇరుక్కుని ఉండే సోలనాయిడ్ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే దాని చుట్ట నిరోధం పావువంతుకు పైగా పెరిగి, గుంజే బలం తగ్గుతుంది. అప్పటికే అరిగిన స్విచ్ వల్ల వోల్టేజి అంచున నడుస్తున్న కారును ఆ పావువంతు ఆపేస్తుంది. చల్లారితే జబ్బు మాయమవుతుంది. ఈ రకం కేసులో రిలే చేర్చడం నిజంగా మందు.

2021 నవంబరు వరదల్లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయినప్పుడు నీట మునిగిన కార్ల కథ మరొకటి. ఇంజిన్ బాగుచేయించి నడుపుకున్న కార్లలోనూ, రిలేలలో, కనెక్టర్లలో నిలిచిన బురదనీరు నెలల తర్వాత కూడా ఒక్కొక్కటిగా లోపాలు బయటపెట్టగలదు. సెకండ్ హ్యాండ్ బేరంలో ఈ చరిత్ర సాధారణంగా బయటకు రాదు.

తాళం నిజంగా తాళం కాకపోవడం

ఇక దొంగతనం వైపు. మొదట్లో సెల్ఫ్‌కు విడిగా మీటో బటనో ఉండేది. తాళం తిప్పితేనే ఇంజిన్ కూడా స్టార్ట్ అయ్యే పద్ధతిని 1949లో అమెరికాలో క్రైస్లర్ తెచ్చాక, అదే లోకమంతా పాకింది. అప్పటినుంచి "తాళం ఉంటేనే కారు కదులుతుంది" అన్న నమ్మకం మనలో స్థిరపడింది. కానీ పాత కారులో తాళం చేసే పని రెండు మూడు తీగలను కలపడం మాత్రమే. ఆ తీగలకు తాళం ఎవరిదో తెలియదు. ఎవరు ఏ దారిన కలిపినా అవి కలుస్తాయి. దీనికి తోడు ఇరవై ఏళ్లు వాడిన లాక్ సెట్టులోని పళ్లు అరిగి, సొంతం కాని తాళానికీ తిరిగిన ఉదంతాలు ఉన్నాయి. స్టీరింగ్ లాక్ ఒక్కటే యాంత్రికమైన అడ్డు, అది కూడా బాగుంటేనే.

ఈ బలహీనతకు వచ్చిన జవాబు ఇమ్మొబిలైజర్. తాళం పిడిలో బ్యాటరీ అక్కరలేని చిన్న చిప్ ఉంటుంది. స్విచ్ చుట్టూ ఉన్న తీగచుట్ట పంపే రేడియో తరంగాలతోనే అది మేలుకుని, తన సంకేతాన్ని తిరిగి చెబుతుంది. సంకేతం సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలునూ నిప్పురవ్వనూ అనుమతిస్తుంది. ఇక్కడ గమనించవలసినది, కాపలా తీగ నుంచి కంప్యూటర్‌కు మారింది. తీగ కలిపినంత మాత్రాన ఇంజిన్ నడవదు. ఐరోపాలో కొత్త కార్లకు 1998 నుంచి, ఆస్ట్రేలియాలో 2001 నుంచి, కెనడాలో 2007 నుంచి ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో మారుతి దీన్ని ఐక్యాట్స్ అన్న పేరుతో తెచ్చింది. ఐరోపా అనుభవం మీద జరిగిన అధ్యయనాల్లో రెండు సంగతులు తేలాయి: దొంగతనాలు బాగా తగ్గాయి, అయితే దొంగల చూపు కొంతమేరకు చిప్ లేని పాత కార్ల వైపు మళ్లింది. పాత కార్ల వాళ్లకు ఆ రెండో ముక్కే ముఖ్యం.

చిప్ లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ పాత కార్లదే కానక్కరలేదు. అమెరికాలో ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాదు. అక్కడ అమ్మిన చాలా కియా, హ్యుందాయ్ కార్లలో, 2021 మోడళ్ల దాకా, అది లేదు. వాటిని ఎత్తుకుపోవడం ఎంత తేలికో చూపే వీడియోలు వ్యాపించి, దొంగతనాలు ఉప్పెనలా పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడి రహదారి భద్రతా సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం, ఉచిత సాఫ్ట్‌వేర్ సవరణ అవసరమైన బండ్లు 83 లక్షలు. ఈ దొంగతనాలతో ముడిపడిన ప్రమాదాల్లో ఎనిమిది మంది చనిపోయారు. చట్టం తప్పనిసరి చేసిన కెనడాలో అవే కంపెనీల కార్లకు ఆ గొడవ రాలేదు. (మన పెనుకొండలోని కియా కర్మాగారం నుంచి వచ్చే కార్లకూ ఆ ఉదంతానికీ సంబంధం లేదు, పేరు ఒకటే కావడంతో కొందరు కంగారుపడ్డారు.)

పేర్ల గందరగోళం ఇంకొకటి కూడా ఉంది. "రిలే దొంగతనం" అని వార్తల్లో వచ్చేది సెల్ఫ్ రిలే గురించి కాదు. అది జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే కొత్తరకం తాళాలకు సంబంధించినది. ఇంట్లో ఉన్న తాళం సంకేతాన్ని ఒక పరికరం పట్టి, కారు దగ్గరున్న మరో పరికరానికి అందించడాన్ని, పరుగు పందెంలో కర్ర అందించినట్టుగా, రిలే అన్నారు. తాళం దూర్చి తిప్పే పాత కారుకు ఆ బెడద లేదు.

సెల్ఫ్‌ను ఆపడం వేరు, ఇంజిన్‌ను ఆపడం వేరు

చిప్ లేని కారుకు మనవాళ్లు పెట్టించే రహస్య స్విచ్చులన్నీ ఏదో ఒక తీగను తెంచేవే. ఏ తీగను అన్నదే అసలు ప్రశ్న. చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే "కటాఫ్ పెట్టించాను" అని ఊరుకుంటారు.

సెల్ఫ్ రిలే చుట్టకు వెళ్లే సన్నని తీగను దాచిన స్విచ్ గుండా తిప్పడం అన్నింటికన్నా తేలిక. కరెంటు తక్కువ కాబట్టి చిన్న స్విచ్ చాలు. దీనికి గొప్ప సుగుణం ఒకటుంది: చెడిపోయినా ఆగి ఉన్న కారు ఆగే ఉంటుంది తప్ప, నడుస్తున్న కారు ఆగదు. లోపం కూడా ఈ వాక్యంలోనే ఉంది. ఇది సెల్ఫ్‌ను ఆపుతుంది, ఇంజిన్‌ను కాదు. గేరు వేసే కారును సెల్ఫ్ లేకుండా స్టార్ట్ చేయడం మన ప్రాంతంలో పదేళ్ల పిల్లవాడికీ తెలిసిన విద్య: ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇద్దరు తోస్తే, రెండో గేరులో క్లచ్ వదిలితే చాలు. ఇగ్నిషన్ తీగను దాటగలిగిన దొంగకు సెల్ఫ్ తెగి ఉండటం ఇంకో ఇద్దరిని వెంట తెచ్చుకోవలసిన అసౌకర్యం మాత్రమే. కాకపోతే రాత్రిపూట వీధిలో కారు తోస్తూ కనబడటానికి దొంగ ఇష్టపడడన్న వాదనా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

ఇంజిన్‌నే ఆపాలంటే నిప్పురవ్వనో ఇంధనాన్నో తెంచాలి. కార్బ్యురేటర్ కార్లలో పెట్రోలు పంపు సాధారణంగా ఇంజిన్ బలంతో తిరిగేది, దానికి తీగ ఉండదు; కాబట్టి ఇగ్నిషన్ కాయిల్ తీగ ఒక్కటే దారి. ఎంపీఎఫ్ఐ కార్లలో, అంటే కంప్యూటర్ అదుపులో ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే కార్లలో, ట్యాంకులోని విద్యుత్ పంపు తీగను తెంచవచ్చు. గొట్టాల్లో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ కొన్ని క్షణాలు నడిచి ఆగుతుంది. పాత డీజిల్ బండ్లలో పంపు మీదుండే సోలనాయిడ్ తీగ ఆ పని చేస్తుంది, బయటకు లాగే స్టాప్ లివరు ఉన్న ఇంకా పాత జీపుల్లో అది కూడా లేదు. ఈ కటాఫ్‌లు ఉన్న కారు తోసినా స్టార్ట్ కాదు. అయితే వీటిలో పెట్టిన రిలే గానీ అతుకు గానీ చెడిపోతే కారు ఇంటి ముందు ఆగదు, జాతీయ రహదారి మీద లారీల మధ్య ఆగుతుంది. ఇంజిన్ ఆగాక బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోయి, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. 87, 87ఏ సంగతి ఇక్కడ పనికొస్తుంది. 87 మీద కట్టిన కటాఫ్ రిలేకు బండి నడుస్తున్నంతసేపూ చుట్టలో కరెంటు ఉండాలి, ఆ కరెంటు పోతే ఇంజిన్ ఆగుతుంది. 87ఏ మీద కట్టినది మామూలుగా కలిసే ఉంటుంది. దానికి కరెంటు అందితేనే తెంచుతుంది. మొదటిది దొంగకు కష్టం, రెండోది యజమానికి క్షేమం.

మూడో దారి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ దగ్గర మరతో విప్పే కటాఫ్. తీగలు కోయనక్కరలేదు, నెలల తరబడి నిలిపి ఉంచే కారు బ్యాటరీ దిగిపోకుండా కూడా కాపాడుతుంది. కానీ బానెట్ ఎత్తిన దొంగ దాన్ని చూస్తాడు, మరను తిరిగి బిగిస్తాడు. ఎంపీఎఫ్ఐ కార్లలో కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు చెరిగి, కాసేపు ఇంజిన్ ఐడ్లింగ్ కుదురుగా ఉండకపోవచ్చు.

ఆటో ఎలక్ట్రీషియన్లలో చాలామంది అసలు తీగ కోయడానికే ఇష్టపడరు. కోసిన ప్రతి చోటా అతుకు పడుతుంది, ప్రతి అతుకూ రేపటి జబ్బు అంటారు. గేర్ లాకో స్టీరింగు రాడ్డో మేలని వారి మాట. కార్లకు అదనపు సరుకులు అమరించే షాపులవారు, కంటికి కనపడే లాకును కోయవచ్చు, కనపడని స్విచ్‌ను వెతకడానికి దొంగకు సమయం ఉండదు అంటారు. రెండు మాటలూ నిజమే, రెండూ వేర్వేరు దొంగల గురించి. కారుతో ఏదో పని చూసుకుని ఎక్కడో వదిలేసేవాణ్ణి కనపడే రాడ్డు దూరంగా పంపుతుంది; స్పేరు పార్టుల కోసం ఆ మోడలునే వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి కనపడని స్విచ్ ఎక్కువసేపు ఆపుతుంది. "ఈ డొక్కు కారును ఎవడు ఎత్తుకుపోతాడు" అనేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు: కొత్తగా తయారవడం ఆగిపోయిన కారుకే పాత భాగాల అవసరం ఎక్కువ. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది, రోడ్ల మీద ఆ కార్లు మాత్రం ఇంకా ఉన్నాయి. నా మట్టుకు, కోసిన తీగ మంచి అతుకుతో, మంచి రిలేతో ఉంటే ఎలక్ట్రీషియన్ల భయంలో సగం తగ్గుతుందనిపిస్తుంది. మిగతా సగం మాత్రం సరైనదే.

ఫోనులోంచి తెంచే రిలే

జీపీఎస్ పరికరం పై కటాఫ్‌లకు కొత్త మీట, అంతే. దాచిన స్విచ్ స్థానంలో సిమ్ కార్డు ఉంటుంది. అది కారు ఎక్కడుందో చెబుతుంది, యజమాని అడిగితే రిలేను కదిలిస్తుంది. సంకేతం అందని చోట అడగడం కుదరదు. నల్లమల అంచున గిద్దలూరు దాటాక ఘాట్ దారిలో ఫోన్లు మూగబోవడం ప్రయాణికులకు తెలిసినదే.

ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు బ్యాటరీది. పరికరం నిలిచి ఉన్నప్పుడు సగటున 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పదిహేను రోజులకు 18. చిన్న కారులోని 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది సగం. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలకు తిరిగొచ్చినవారికి "టకటకటక" వినిపిస్తే సెల్ఫ్‌నూ రిలేనూ తిట్టుకుంటారు.

కాగితాల వైపు

తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా దొంగతనానికి వర్తించదు. సొంత నష్టానికి కూడా పాలసీ ఉంటేనే పరిహారం. పాత కార్లకు చాలామంది థర్డ్ పార్టీతోనే సరిపెడతారు కాబట్టి, కారు పోతే మొత్తం పోయినట్టే. పుణేలోని వాహన పరిశోధనా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం అమర్చితే సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించడం పాత మోటారు బీమా టారిఫ్ నుంచి వస్తున్న లెక్క. ప్రీమియం 2,400 అయితే తగ్గేది 60 రూపాయలు. ఇంటి దగ్గర కట్టించుకున్న రహస్య స్విచ్ ఈ లెక్కలోకి రాదు.

కారు పోయాక వెంటనే ఎఫ్ఐఆర్ నమోదై ఉంటే, బీమా కంపెనీకి తెలపడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమును తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. తాళం కారులోనే వదిలేయడం వేరే సంగతి. దాన్ని తగిన జాగ్రత్త తీసుకోకపోవడంగా చూసి కంపెనీలు అభ్యంతరం చెబుతాయి.

ఒక కారు, నాలుగు కొలతలు

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక్క కారులో చూద్దాం. నెల్లూరు వేదాయపాళెంలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గర 1998 నాటి మారుతి 800 ఉందనుకుందాం. ఇమ్మొబిలైజర్ లేదు, కార్బ్యురేటర్ ఇంజిన్. పాత యజమాని సెల్ఫ్‌కు రిలే పెట్టించి, ఆ రిలే చుట్ట తీగను సీటు కింద దాచిన స్విచ్ గుండా తిప్పించాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు: సెల్ఫ్ బలంగా కొడుతుంది, స్విచ్ తెలియనివాడికి కొట్టదు. కారు చేతులు మారినప్పుడు ఆ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా వదిలేశారు, క్రమంగా అది ఉన్నదన్న సంగతే మరుగున పడింది.

ఒక ఉదయం తాళం తిప్పితే శబ్దమే లేదు. మధ్యాహ్నం మామూలుగా స్టార్ట్ అయింది. మర్నాడు మళ్లీ మౌనం. బ్యాటరీ దగ్గర కొలిస్తే 12.5 వోల్టులు. రిలే 30 దగ్గర 12.4. తాళం తిప్పి పట్టుకుని ఇగ్నిషన్ స్విచ్ తర్వాత కొలిస్తే 12.1. అదే సమయంలో రిలే 86 దగ్గర 5.8 మాత్రమే. అంటే ఇగ్నిషన్ స్విచ్‌కూ రిలేకూ మధ్య 6.3 వోల్టులు పోతున్నాయి. రిలే చుట్ట నిరోధం 80 ఓములనుకుంటే, దారిలో దాదాపు 87 ఓములు అడ్డుగా ఉన్నాయన్నమాట. మామూలు రిలే కదలడానికి ఏడెనిమిది వోల్టులు కావాలి, 5.8కి కదలదు. సీటు కిందకు వెళ్లి చూస్తే స్విచ్ బిళ్లల మీద పచ్చటి పొర.

పెద్ద కరెంటు దాటే స్విచ్‌లో చిన్న నిప్పురవ్వలు ఆ పొరను ఎప్పటికప్పుడు కాల్చేస్తుంటాయి. 0.15 ఆంపియరు మాత్రమే దాటే ఈ స్విచ్‌లో ఆ శుభ్రత జరగదు, కాబట్టి ఏళ్ల తరబడి కదపని స్విచ్ తనంతట తానే మూసుకుపోతుంది. సీటు మీద కూర్చునే కుదుపుకు ఒక్కోసారి పొర చిట్లి, కారు స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, రిలే, ఇగ్నిషన్ స్విచ్ అన్నీ బాగున్న కారును ఆపినది ఈ ఒక్క బిళ్ల. స్విచ్ మారిస్తే సెల్ఫ్ మళ్లీ పడుతుంది. కారును తోసి స్టార్ట్ చేసుకుపోగల దారి మాత్రం ఆ స్విచ్ పెట్టకముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ స్విచ్ సెల్ఫ్ తీగ మీద ఉంది, ఇగ్నిషన్ కాయిల్ తీగ మీద లేదు.